వికలదేహుని ప్రయాణము: డిచ్‌పల్లి మొదలు శంషాబాదు వఱకు

నిజామాబాదు పట్టణమునకు చేరువనే, సికింద్రాబాదు నుండి మన్మాడునకు పోవు రైలుమార్గమును, శ్రీనగరము నుండి కన్యాకుమారి వఱకు సాగు 44వ జాతీయ రహదారిని చెంతనుంచుకొని, గుట్టమీది ప్రాచీన రామాలయపు శిల్పములచేతను, 2006లో స్థాపితమైన తెలంగాణ విశ్వవిద్యాలయముచేతను నేడు ప్రసిద్ధి కెక్కిన డిచ్‌పల్లి గ్రామము, నూఱేండ్లకు పూర్వము దేశాంతరములందు సైతము వినబడినది వేఱొక కారణమున. ఊరివారును, బంధువులును, బండ్లవారును, సత్రములవారును తమ గడప త్రొక్కనీయని కుష్ఠురోగులకు తలుపు తెఱచిన వైద్యాలయ మచ్చట వెలసెను. ఆ వైద్యాలయ కథను వైద్యచరిత్రలో నొక ప్రకరణముగా వ్రాసినవారు కలరు; ప్రయాణచరిత్రలో నొక భాగముగా చదివినవారు అరుదు. దేహము అందఱివలె లేనివాడు బాటపట్టినపుడు అతని నెవరాపిరి, ఏ నెపమున నాపిరి, ఏ కాగితము చూపగా విడిచిరి అను ప్రశ్నలకు ఈ ప్రాంతము చెప్పగల సమాధానము మఱియొకచోట దొరకుట కష్టము. కుష్ఠురోగి రైలుపెట్టె ముందు నిలిచిన కాలము మొదలుకొని, గల్ఫులో కాలు విఱిగి తొడలో ఉక్కుకడ్డీ వేయించుకొన్న కూలి విమానాశ్రయపు తనిఖీద్వారము ముందు నిలుచు కాలము వఱకు గల కథ యంతయు ఈ యొక్క జిల్లావారి జీవితములలోనే నడచినది.

పూర్వము కుష్ఠువ్యాధిని తెలంగాణపు పల్లెలలో పెద్దరోగమని చెప్పుకొనెడివారు. రోగి బయటపడిన యింట పెండ్లిండ్లు నిలిచిపోయెడివి, ఊరి వెలుపల గుడిసె వేసి అతని నందుంచి, దూరము నుండి విస్తరిలో అన్నము జాఱవిడిచి పోయెడివారు, చేదబావి చేరనీయకుండిరి. పూర్వజన్మ పాపఫలమని కొందఱు, గాలిలో సోకునని కొందఱు భయపడిరి. నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ 1873లో ఈ వ్యాధికి మూలమైన సూక్ష్మజీవిని కనుగొన్నపుడు, పాపమను భావన తొలగి జాలి పెరుగవలసినది; కాని లోకమున జరిగినది వేఱు. పాపమను భయమునకు అంటు అను భయము తోడయ్యెను, ఆచారముగా నున్న వెలి శాసనరూపము దాల్చెను. 1890 నాటి రైల్వే చట్టము అంటురోగము గలవారిని రైల్వే ఉద్యోగి అనుమతి లేనిదే బండి యెక్కనీయరాదనెను; అనుమతి యిచ్చినను వారిని తక్కిన ప్రయాణికులకు దూరముగా నుంచవలెననెను. 1898లో బ్రిటిషు ఇండియా ప్రభుత్వము చేసిన కుష్ఠురోగుల చట్టమైతే, బిచ్చమెత్తు రోగిని వారంటు లేకయే పట్టి ఆశ్రమమునకు పంపు అధికారమును పోలీసులకిచ్చి, నోటిఫై చేసిన ప్రాంతములలో రోగి తినుబండారములు అమ్మరాదనియు, అందఱి బావిలో నీరు తోడరాదనియు, రైలుపెట్టె దక్క మఱి యే అద్దెబండిని నడుపరాదు, ఎక్కరాదనియు నిషేధించుటకు వీలు కల్పించెను. నిజాము రాజ్యము ఆ చట్టపు ఎల్లలకు వెలుపలిదే యైనను, ఊరి కట్టుబాటు చట్టమునకంటె కఠినమైనదగుటచే, ఇచ్చటి రోగికి దానివలన ఒరిగిన మేలేమియు లేదు.

ఇట్టి దినములలో ఈ ప్రాంతమునకు రైలు వచ్చెను. హైదరాబాదు గోదావరీలోయ రైలుమార్గము ఇరువదవ శతాబ్ది ఆరంభమున మీటరుగేజిగా మన్మాడు వఱకు తెఱవబడెను; ఇందూరు 1905లో నిజామాబాదు అను పేరు ధరించెను. పత్తి, నువ్వులు, ధాన్యము, వర్తకుడు, గుమాస్తా, యాత్రికుడు అందఱును ఆ బండిలో వేగముగా పోసాగిరి. వేగము అందఱికిని వచ్చినను, చేతివ్రేళ్లు ముడుచుకొని, ముఖము మొద్దుబాఱినవానికి మాత్రము స్టేషను గుమ్మమొక కొత్త పరీక్షాస్థలమయ్యెను. ఊరిలో అతనిని ఎఱిగినవారే వెలివేసిరి. స్టేషనులో ఎఱుగనివారు సైతము ఒక్క చూపుతో వెలివేయగలిగిరి. అపరిచితుని దేహమును చూచి అతని ప్రయాణయోగ్యతను నిర్ణయించు అధికారము ఒక ఉద్యోగి చేతిలో పడుట మన ప్రాంతమున అప్పుడే మొదలైనదని చెప్పవచ్చును.

ఈ వ్యవస్థకు ఎదురుగా నిలిచిన దంపతుల కథ ఇక వచ్చుచున్నది. స్కాట్లండులో 1875లో జన్మించి, ఆబర్డీన్ విశ్వవిద్యాలయమున వైద్యము చదివి 1903లో పట్టము పొందిన ఇసబెల్ కెర్, ఆమె భర్తయగు వెస్లియన్ మెథడిస్టు పాదరి జార్జి కెర్, 1907లో హైదరాబాదు రాజ్యమునకు వచ్చి, 1911లో నిజామాబాదు మిషను ఆసుపత్రికి చేరిరి. అచ్చట జ్వరములకును, కాన్పులకును, కంటిజబ్బులకును వచ్చువారి వెనుక, లోనికి రాజాలక గోడవార నిలుచు కుష్ఠురోగులు ఆమె కంటబడిరి. వారికొఱకు చిన్న వసతి ఏర్పఱుపగా అది చాలకపోయెను. అప్పుడు నిజామాబాదు వాస్తవ్యుడు, దాతగా పేరు వడసిన రాజా నర్సాగౌడు ధనసహాయము చేయగా, 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠురోగ చికిత్సాలయము తెఱవబడెను. నిజాము ప్రభుత్వమును తోడ్పడెను. విదేశీయ క్రైస్తవ దంపతులు, హిందూ దాత, మహమ్మదీయ ప్రభువు కలిసి నిలిపిన ఆ వైద్యాలయమునకు రోగులు ఇతర జిల్లాల నుండియు రాసాగిరి. స్థలము చాలక అనేకులను త్రిప్పి పంపవలసివచ్చుట ఆ దంపతులను మిక్కిలి బాధించిన విషయము.

ఆ రోజులలో ఉన్న మందు పాతదే. సుశ్రుతుడు తువరకమను పేర చెప్పిన చెట్టుగింజల నూనెయే అది. మనవారు అడవిబాదమని పిలుచు ఆ చెట్టు పడమటి కనుమలలో పెరుగును. నోటితో త్రాగినచో వాంతి కాక మానని ఆ నూనెను, సర్ లియొనార్డు రోజర్సు మొదలగు వైద్యులు కలకత్తాలో సూదిమందుగా మార్చిన పిమ్మట, డాక్టరు కెర్ డిచ్‌పల్లిలో విరివిగా వాడెను. అది వ్యాధిని సమూలముగా పోగొట్టకున్నను, తొలిదశలో వచ్చినవారికి కొంత మేలు చేసెను. అంతకంటె పెద్ద మేలు వేఱొకటి కలదు. చికిత్స కలదని తెలియుటచే, అప్పటివఱకు రోగమును దాచుకొన్నవారు దాచుటమాని ముందే రాసాగిరి. ఆమె సేవలకు 1923లో కైజర్-ఇ-హింద్ పతకము లభించెను. 1932లో ఆమె హఠాత్తుగా మరణించెను. 1920వ దశకమున అచ్చట పనిచేసిన డాక్టరు జాన్ లో, పిదప కలకత్తాకును, అటుపిమ్మట ఆఫ్రికాలోని నైజీరియాకును పోయి, డాప్సోను అను మందును నోటిమాత్రగా ఇచ్చు పద్ధతిని స్థిరపఱచినవారిలో ఒకడయ్యెను. డిచ్‌పల్లిలో గడించిన అనుభవము ఆ విధముగా సముద్రములు దాటి పోయినది.

ఆ కాలపు కుష్ఠువైద్యుడు రోగిని పరీక్షించు విధమును ఇచ్చట కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. రోగిని వెలుతురు వైపు కూర్చుండబెట్టి, కన్నులు మూసుకొమ్మని, దూదిపింజెను పురిపెట్టి సన్నని మొనగా చేసి, చర్మముపై పాలిపోయిన మచ్చమీదను, పిమ్మట దాని చుట్టునున్న మంచి చర్మముమీదను మెల్లగా తాకించును. తాకిన చోటును వ్రేలితో చూపుమనును. మంచిచర్మముమీద తాకినంతనే వ్రేలు అచ్చటికే పోవును. మచ్చమీద తాకినపుడు రోగి కదలక యుండును, లేదా వేఱొకచోటు చూపును. తరువాత మోచేతి వెనుక నరమును తడిమి, అది లావెక్కినదా యని చూచును; పాదము క్రింద పుండున్నదా, చెప్పు కఱచిన చోటు తెలియుచున్నదా యని యడుగును. ఈ వ్యాధి వ్రేళ్లను తినదు, స్పర్శను హరించును. స్పర్శ లేనివాడు వేడిగిన్నెను పట్టుకొని కాలినది యెఱుగడు, ముల్లు దిగబడినది యెఱుగక నడచుచునే యుండును. అందువలన పుండ్లుపడి, అవి ముదిరి, వ్రేళ్లు పొట్టివగును. ఈ సత్యమును 1940వ దశకపు చివర నుండి వెల్లూరులో డాక్టరు పాల్ బ్రాండు విశదము చేసి, ముడుచుకొన్న వ్రేళ్లను శస్త్రచికిత్సచే తిన్నగా చేయు విద్యను వృద్ధిచేసెను. స్పర్శ లేని పాదములకు మెత్తని రబ్బరు అడుగు గల చెప్పులు ఆ తరువాతి కాలమున వచ్చెను. స్టేషనులో చూచు కన్ను రోగిని బయటికి పంపుటకు చూచెను. ఆసుపత్రిలోని దూదిపింజె లోనికి తీసికొనుటకు తాకెను. పరీక్ష రెండుచోట్లను కలదు, ఉద్దేశమే వేఱు.

అయితే ఆసుపత్రి నుండి నయమై వెడలినవాని కష్టము అంతటితో తీఱలేదు. ఒంటిలో రోగము పోయినను ఒంటిమీద దాని గుర్తులు నిలిచియుండెను. అతడు మరల అదే స్టేషనుకు పోయి అదే ఉద్యోగి యెదుట నిలువవలసి వచ్చెను. అప్పుడు అతనికి రక్ష వైద్యుడు వ్రాసియిచ్చు పత్రము. ఇతని వ్యాధి అంటునది కాదు అను ఒక్క వాక్యము. భారత రైల్వే రాయితీల పట్టికలో, అంటులేని కుష్ఠురోగులకు వైద్యపత్రము చూపినచో చార్జీలో నూటికి 75 వంతులు తగ్గింపు నేటికిని కలదు. ఒకప్పుడు ఎక్కనీయని బండియే పిదప తక్కువ ధరకు ఎక్కించుకొనుట మెచ్చదగినదే. కాని ఆ కాగితము ఇంటివద్ద మఱచినవాని గతి యేమి? తన దేహమును గూర్చి తాను చెప్పిన మాట చెల్లదు, పరుని సంతకము చెల్లును అను నియమమునకు అది తొలిరూపము. ఈనాడు విమానాశ్రయములలో కృత్రిమపాదము గలవారు అడుగుచున్న గుర్తింపుకార్డునకు దూరపు పూర్వజము ఆ పత్రమే.

మందుల చరిత్ర తరువాత వేగముగా నడచెను. 1941లో అమెరికాలోని కార్విల్లు వైద్యాలయమున సల్ఫోను మందులు గుణమిచ్చుట తెలిసెను. 1955లో భారతప్రభుత్వము జాతీయ కుష్ఠు నియంత్రణ కార్యక్రమమును ఆరంభించెను. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పలుమందుల చికిత్సను నిర్ణయించెను. 2005 చివర, పదివేల జనాభాకు ఒక్క రోగికంటె తక్కువ యను ప్రమాణమును దేశము మొత్తముమీద చేరుకొంటిమని ప్రభుత్వము ప్రకటించెను. శాసనములు మాత్రము ఎద్దుబండివలె వెనుకబడెను. 1898 నాటి చట్టము స్వాతంత్ర్యానంతరము కూడ దాదాపు డెబ్బది యేండ్లు పుస్తకములలో నిలిచి, న్యాయసంఘము తన 256వ నివేదికలో 2015లో గట్టిగా చెప్పిన పిమ్మట, 2016లో రద్దయ్యెను. కుష్ఠు విడాకులకు కారణమను నిబంధన 2019లో తొలగెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము కుష్ఠు నయమైనవారిని స్పష్టముగా తన నీడకు తెచ్చెను.

ఇక ఈ జిల్లా కథలోని రెండవ భాగము. మంజీరపై నిజాంసాగరము 1931లో పూర్తికాగా, కాలువనీరు పాఱిన నేలలో చెఱకు పెరిగెను. 1937లో బోధనులో నిజాము చక్కెర కర్మాగారము స్థాపితమయ్యెను. అంతకుముందు ఎద్దులు త్రిప్పు గానుగలో చెఱకుగడను అందించు చేయి ఏమఱినచో వ్రేళ్లు నలిగెడివి. మిల్లు వచ్చిన పిమ్మట పట్టాలు, గొలుసులు, ఆవిరిగొట్టములు ఆ ప్రమాదమును పెంచెను. పని కోల్పోయిన చేయి ఈ ప్రాంతమునకు కొత్తది కాదు. అయినను చెఱకుసీమలో గాయపడినవాడు ఎడ్లబండిలో ఇల్లు చేరెడివాడు. అతనిని ఆపి దేహము తడుమువా రెవరును లేకుండిరి. 1970వ దశకమున చమురుధరలు పెరిగి గల్ఫుదేశములలో కట్టడములు లేచినపుడు, నిజామాబాదు, కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాల పల్లెలనుండి యువకులు బొంబాయి రైలెక్కి, అచ్చటినుండి దుబాయికి, మస్కటుకు, కువైటుకు విమానమెక్కసాగిరి. నీరు తగ్గిన యేడును, అప్పు పెరిగిన యేడును వారి సంఖ్య హెచ్చెను. 2015లో బోధను కర్మాగారము మూతబడుటతో ఆ ప్రాంతమున జీవనాధారములు మఱింత తగ్గెను.

గల్ఫునకు పోవువాడు మొట్టమొదట ఎదుర్కొను ద్వారము విమానాశ్రయము కాదు, వైద్యపరీక్ష. రక్తము, మూత్రము, ఛాతీ ఎక్స్‌రే తీసి, యోగ్యుడు, అయోగ్యుడు అని రెండు ముద్రలలో నొకటి వేయుదురు. అయోగ్యతకు కారణములగు వ్యాధుల పట్టికలో కుష్ఠునకును చోటు కలదు. దేహము సంపూర్ణముగా నున్నపుడే అటు పోనిత్తురు. కాని తిరిగివచ్చునపుడు దేహము సంపూర్ణముగానే యుండవలెనను నియమము ఎవ్వరును వ్రాయలేదు. పరంజిపైనుండి పడినవాడు, లారీ తగిలినవాడు, యంత్రమున చేయి చిక్కినవాడు అదే దారిన తిరిగి రావలెను. లేవలేనివాడు స్ట్రెచరుపై రావలెనన్న, వైద్యుడు నింపిన పత్రమును విమానసంస్థకు ముందుగా పంపి, కొన్ని సీట్ల చోటును ఒక్కనికొఱకే కొనవలెను. లేవగలిగినవాడు చక్రాలకుర్చీలో వచ్చును; కొన్నినెలలకు ఎముక అతికి, అప్పు తీఱక, తొడలో ఉక్కుకడ్డీతోనే మరల పోవును. అతడు శంషాబాదు విమానాశ్రయపు తనిఖీద్వారము ముందు నిలుచుట అప్పుడే.

ఆ ద్వారమును అచ్చట నిలిపినది భయము; ఆ భయమునకు కారణము లేకపోలేదు. 1971 జనవరి 30న శ్రీనగరము నుండి బయలుదేఱిన గంగ అను చిన్న విమానమును దారిమళ్లించి లాహోరునకు కొనిపోయిరి. 1976 సెప్టెంబరు 10న ఢిల్లీ నుండి బొంబాయికి పోవు బోయింగు విమానమునకు అదే గతి పట్టెను. దాని ఫలముగా 1978లో పౌరవిమానయాన భద్రతావిభాగము ఏర్పడెను. 1985 జూను 23న కనిష్క విమానము ఆకాశముననే పేలి 329 మంది మరణింపగా, 1987 ఏప్రిలు 1న ఆ విభాగము స్వతంత్ర శాఖయయ్యెను. 1999 డిసెంబరులో కాందహారు హైజాకు జరిగిన తరువాత, విమానాశ్రయముల కాపుదల కేంద్ర పారిశ్రామిక భద్రతాదళమునకు క్రమముగా అప్పగింపబడెను. 2000 ఫిబ్రవరిలో జైపూరు విమానాశ్రయముతో అది మొదలయ్యెను. హైదరాబాదునకు చిరకాలము గుమ్మముగా నున్న బేగంపేట నుండి, 2008 మార్చిలో, ప్రయాణికుల రాకపోకలు శంషాబాదునకు మాఱెను. అనగా నేటి తనిఖీలోని ప్రతి మెట్టు వెనుకను ఒక విపత్తు కలదు. దానిని నిందించువారు ఈ మాట మఱువరాదు.

ఆ ద్వారము పనిచేయు తీరును చూడుడు. ద్వారబంధములోని తీగచుట్టలు అయస్కాంతశక్తిని స్పందింపజేయును; లోహము దాని గుండ పోయినపుడు ఆ స్పందన చెదరి గంట మ్రోగును. తుపాకి యేది, తొడకడ్డీ యేది అని దానికి తెలియదు. ఒక కూలి చంకకఱ్ఱలతో వచ్చెననుకొనుడు. మొదట కఱ్ఱలను ఎక్స్‌రే యంత్రములోనికి పంపుదురు. అవి అటు పోయి ఇటు వచ్చునంతదాక, ఆ కొద్ది నిమిషములు, అతడు ఒంటికాలిపై బల్లను పట్టుకొని నిలువవలెను. దయగల జవాను కుర్చీ జరుపును, తొందరలో నున్నవాడు దానిని గమనింపడు. పిమ్మట చేతిపరికరము తొడదగ్గఱ కూయును. లోపల రాడ్డా యని హిందీలో అడుగుదురు. అతడు జేబులోని కాగితము తీయును. అది గల్ఫు ఆసుపత్రివారు అరబ్బీలో వ్రాసి యిచ్చినది, జవానునకు చదువరాదు. అప్పుడతడు ప్యాంటు పైకి మడిచి, వెనుక వరుసలోని స్త్రీపురుషు లందఱును చూచుచుండగా, కుట్లమచ్చ చూపును. చివరకు ఒక గుడ్డపీలికతో అతని అఱచేతులను, కుర్చీ చేతులను తుడిచి, ప్రేలుడుపదార్థముల జాడ పట్టు యంత్రములో పెట్టుదురు. డిచ్‌పల్లిలో దూదిపింజె చేతిని తాకి, నీకు తెలియుచున్నదా యని యడిగినది. ఇచ్చట గుడ్డపీలిక అదే చేతిని తాకి, నీవేమి ముట్టితివని యడుగుచున్నది. రెండును న్యాయమైన ప్రశ్నలే. అందఱి యెదుట కాలు చూపవలసివచ్చుట మాత్రము ప్రశ్నలో భాగము కాదు.

ఈ వేదన అనామకులకే పరిమితము కాదు. 1981లో బస్సు ప్రమాదమున కుడికాలు కోల్పోయి, జైపూరు కాలు తొడిగించుకొని మరల నాట్యమాడిన సుధాచంద్రన్ జీవితమును, రామోజీరావు నిర్మాతగా, సింగీతము శ్రీనివాసరావు మయూరి యను పేర తెలుగులోనే చిత్రముగా తీసెను. ఆమెయే అందు నటించి జాతీయస్థాయిలో ప్రత్యేక బహుమానము పొందెను. రబ్బరు, కఱ్ఱ, అల్యూమినియముతో 1960వ దశకపు చివర జైపూరులో డాక్టరు ప్రమోద్ కరణ్ సేథీ, శిల్పి రామచంద్రశర్మ కలిసి రూపొందించిన ఆ పాదము, నేలపై గొంతు కూర్చుండుటకును, పొలములో నడచుటకును వీలుగా నుండుటచే, మన పల్లెల వికలాంగులకు సైతము అందెను. మయూరి చూచి కన్నీరు పెట్టిన తెలుగువారు, 2021 అక్టోబరులో అదే నటి, విమానాశ్రయములలో ప్రతిసారి కృత్రిమపాదమును తీసి చూపుమనుచున్నారనియు, తనవంటివారికి ఒక కార్డు ఇప్పింపుడనియు ప్రధానమంత్రికి మొఱపెట్టుకొనుట కూడ చూచిరి. భద్రతాదళము క్షమాపణ చెప్పి, కృత్రిమాంగమును అసాధారణ సందర్భములలోనే తీయింపవలెననునది తమ నియమమని ప్రకటించెను. నియమము కలదు, అమలు లేదు అనుట దీనివలన రుజువయ్యెను. అంతకుముందే, 2012లో, మస్తిష్క పక్షవాతము గల జీజాఘోష్ అను మహిళను కలకత్తాలో విమానము నుండి దింపివేసిన వ్యాజ్యములో, సర్వోన్నత న్యాయస్థానము 2016 మే నెలలో ఆమెకు 10 లక్షల రూపాయల పరిహారము ఇప్పించి, వికలాంగుని గౌరవము దయాధర్మము కాదు, హక్కు అను సిద్ధాంతమును స్థాపించెను.

ఈ చరిత్ర నుండి నేను తీయు నిర్ణయ మిది. దేహమును పరీక్షించుట దోషము కాదు. డాక్టరు కెర్ చేసినదియు పరీక్షయే. లక్షలమంది ప్రాణములు కాచుటకు జవాను చేయునదియు పరీక్షయే. కాని పరీక్షించువాడు ఎదుటివానిని ముందే దోషిగా భావించినపుడు, అతడు చెప్పు మాట విననొల్లనపుడు, మఱుగుగదిలో జరుగవలసినదానిని నడివీథిలో జరిపినపుడు, ఆ పరీక్ష 1890 నాటి స్టేషను గుమ్మమునకు తిరిగిపోవును. యంత్రము లోహమును కనుగొనును. మనిషిని కనుగొనవలసినది జవానే. ఆ శిక్షణకు వ్యయము స్వల్పము: చంకకఱ్ఱలు తీసికొనుటకు ముందు కుర్చీ యిచ్చుట, అడుగకమునుపే మఱుగుగది చూపుట, కృత్రిమపాదమును ఊడదీయుమనుటకు ముందు గుడ్డపీలికతో తుడిచి చూచుట. ఈ మూడును ఇప్పుడున్న నియమములకు లోబడినవే. కొత్త చట్టము అక్కఱలేదు.

నిజామాబాదు, బోధను, ఆర్మూరు, డిచ్‌పల్లి పల్లెలనుండి గల్ఫునకు పోయివచ్చువారికి ఒక మాట. ఒంటిలో కడ్డీయో, పలకయో, కృత్రిమాంగమో యున్నచో, అరబ్బీ కాగితముతో తృప్తిపడక, మన జిల్లా వైద్యునిచేత ఇంగ్లీషులో ఒక పత్రము, ఎక్స్‌రే నకలు తీసికొని పొండు. చక్రాలకుర్చీ కావలెనన్న 48 గంటల ముందే విమానసంస్థకు తెలుపుడు. గుండెలో పేస్‌మేకరు ఉన్నవారు యంత్రమునకు ముందే ఆ సంగతి చెప్పి, చేతితో తనిఖీ చేయుమని కోరుడు. నలుగురి యెదుట దుస్తులు తొలగింపుమన్నచో, ప్రత్యేకగది కావలెనని మర్యాదగా, గట్టిగా అడుగుడు. స్త్రీలను స్త్రీలే తనిఖీ చేయవలెను. సిగ్గుపడి ఊరకుండకుడు. ఇది మీరు వేడుకొను దయ కాదు, మీకు చట్టమిచ్చిన హక్కు.